మూడు గిన్నెల టిఫిను

ఏమీ పెట్టని గిన్నెలను కడగడం ఆ ఏడాది నాకు అలవాటైంది. డ్యూటీ నుంచి ఇంటికి రాగానే మూడు గిన్నెల టిఫిను విప్పేదాన్ని. కింది గిన్నెలో నేను తిన్న అన్నం మెతుకులుండేవి. పై రెండింటిలో ఏమీ ఉండేది కాదు, పొద్దున పెడితే కదా ఉండటానికి. అయినా మూడింటినీ పీచుతో తోమి నల్లా కింద కడిగి బోర్లించేదాన్ని. వసారాలో బియ్యం ఏరుకుంటూ మా అత్తమ్మ గుర్వమ్మ ఇదంతా చూసేది. "ఒక్కదానివి తినేటందుకు మూడు గిన్నెలెందుకు పిల్లా? ఆఫీసుల అందరికి నువ్వే వండుకపోతున్నవా ఏంది?" అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. చెప్పాల్సి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియదు.

డాక్టరు దగ్గర మొదలుపెడతాను. అది తొంభై ఒకటో సంవత్సరం. మేముండేది నల్లగొండలో. నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్ని, మా ఆయన నర్సింహ మండలాఫీసులో గుమస్తా. ఆయనకు సుగరుందని తేలింది. నాకేమో రాత్రి నిద్ర పట్టేది కాదు. చెవుల్లో ఒకటే మోత. కూర్చుంటే కాళ్లు వాటంతటవే కదిలేవి, పొయ్యి ముందు నిలబడితే ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ ఉండేదాన్ని. ఇద్దరం ఒకేరోజు ఒకే డాక్టరు ముందు కూర్చున్నాం. నా జబ్బేమిటో కూడా మా ఆయనే చెప్పాడు. "గీమెకు ఊకె చిరాకు సార్. ఇంట్ల ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు తిరుగుతనే ఉంటది. ఒక్క జాగల కూసోదు." డాక్టరు ఆయనకు రోజూ గంట నడక చెప్పాడు. నాకు రాత్రిపూట వేసుకోమని బిళ్లలు రాశాడు. "నేను గూడ నడిస్తె తగ్గుతదేమో సార్" అన్నాను. డాక్టరు నవ్వాడు. "మీకెందుకమ్మా? ఇంటిపనిని మించిన ఎక్సర్‌సైజు ఉంటదా?" అన్నాడు. మా ఆయన డాక్టరుకంటే గట్టిగా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది గానీ, మందుల చీటీ మడిచి పర్సులో పెట్టుకుని లేచాను.

ఆ వారమే ఆయనకు తెల్ల కాన్వాసు బూట్లు వచ్చాయి. ఆయన నడకకు నా చాకిరీ మొదలైంది. చీకటితో లేచి మెంతుల నీళ్లివ్వాలి. ఆయన తిరిగొచ్చేసరికి జావ చల్లారి ఉండాలి, మరీ చల్లారకూడదు. చెమట బనీన్లు ఉతకాలి, బూట్లకు తెల్ల పాలిషు పూయాలి, లేసులు కూడా విప్పి ఉతకాలి. ఒక మనిషి నడవడానికి ఇంకో మనిషికి ఇంత పని ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. గల్లీలో అందరికీ ఆయన పట్టుదలే కనిపించింది. పక్కింటి అరుణమ్మ గోడ మీంచి, "మీ సారు ఒంటి మీద ఎంత ఫికర్ పెట్టుకున్నడు చూడు, మా ఆయన ఉన్నడు ఎందుకు" అనేది. బూట్లు తోముతున్న నా చేతుల వంక మాత్రం చూసేది కాదు.

ఇక ఎక్స్‌ఛేంజి. పొద్దున ఏడింటికి హెడ్‌సెట్ తగిలించుకుంటే రెండింటికి తీయడం. బోర్డు ముందు కూర్చుని ఈ తీగ ఇక్కడ గుచ్చి, ఆ తీగ అక్కడ పీకి, "నంబర్ చెప్పండి, లైన్లో ఉండండి" అంటూ ఊళ్లో అందరి కోపాలూ నా చెవిలో పోయించుకోవడం. బొంబాయి లైను దొరక్కపోతే తప్పు నాది, అవతలివాడు ఎత్తకపోతే తప్పు నాది. లేవాలంటే నా కుర్చీలో కూర్చోవడానికి ఇంకొకరు రావాలి. అందుకని పొద్దున్నుంచీ నీళ్లు తక్కువ తాగడం నేర్చుకున్నాం, నేనూ, నా పక్క బోర్డు హలీమా. దిగి ఇంటికొస్తే అంట్లు, బట్టలు, పిల్లల స్కూలు డబ్బాలు, అత్తమ్మ కాళ్ల నొప్పులు, సాయంత్రం ఆయన చాయి. ఎక్కడా నా మెడకు తీగ లేని జాగా లేదు.

ఒకరోజు రెండింటికి దిగి గేటు బయటికొచ్చాక ఎడమకు తిరగాల్సినదాన్ని కుడికి తిరిగాను. ఇంటికి పోబుద్ధి కాలేదు, అంతే. బజారు దాటాను, దవాఖాన దాటాను, ఇళ్లు పలచబడ్డాయి. పానగల్ రోడ్డు మీద ఎండలో నడుస్తుంటే కాసేపటికి చెవుల్లో మోత తగ్గింది. తగ్గాకే తెలిసింది అదెంత పెద్దగా ఉండేదో. బత్తాయి తోటల్లోంచి తడి మట్టి వాసన వచ్చింది. చెప్పుల్లోకి కంకర రాయి దూరితే ఆగి, ఒంటికాలి మీద నిలబడి, తీసి పారేశాను. ఎవరూ తొందర పెట్టలేదు. చెరువు కట్ట కనిపించేదాకా పోయి వెనక్కి తిరిగాను. ఆ రాత్రి బిళ్ల వేసుకోకుండానే నిద్రపోయాను.

ఆ తర్వాత ఆగలేదు. డ్యూటీ నాలుగింటిదాకా పొడిగించారని ఇంట్లో చెప్పాను. కానీ ఖాళీ చేతులతో నడిచే ఆడదాన్ని ఊరు ఊరికే వదలదు. "ఏందమ్మా గిటు దిక్కు వచ్చినవ్?" "ఎవలింటికి?" "ఎవలన్న కావాల్నా?" ఒక సైకిలాయన నా వెంటే నెమ్మదిగా తొక్కుతూ వచ్చాడు. ఇంకొకాయన పాపం మంచివాడు, బస్సు తప్పిపోయాననుకుని నా కోసం లారీ ఆపాడు. చిన్నప్పుడు బడికి రెండూళ్లు దాటి నడిచేదాన్ని, ఎవరూ అడగలేదే అనుకున్నాను. అప్పుడు చేతిలో పుస్తకాల సంచి ఉండేది మరి. తర్వాత నీళ్ల బిందె, తర్వాత చంకలో పిల్ల, పండుగనాడు కొబ్బరికాయ. చేతిలో ఏదో ఒకటి ఉంటే ఆడది పని మీద పోతున్నట్టు లెక్క. ఏమీ లేకపోతే ఏదో ఉన్నట్టు లెక్క. నాలుగు రోజులు తిరక్కుండానే మా ఆయన అన్నం ముందు కూర్చుని, "పానగల్ రోడ్డు మీద నీకేం పని? మా ఆఫీసాయన చూసిండట" అన్నాడు. "హలీమా వాళ్ల చుట్టం దవాఖానల ఉంటే చూడబోయిన" అనేశాను.

మర్నాడు హలీమాకు చెప్తే తల కొట్టుకుంది. "అరే పిచ్చిదానా! చేతిల గిన్నె లేకుంట దవాఖానకు ఎవలన్న పోతరే? నన్ను చూడు, మా అమ్మీ ఇంటికి పోవాల్నంటే సగం గల్లీకి జవాబు చెప్పాలె. బుర్ఖా ఏసుకొని టిఫిను పట్టుకొని పోత. ఒక్కడడగడు. పైకెల్లి పక్కకు జరిగి తొవ్వ ఇస్తరు."

అట్లా అటక మీది మూడు గిన్నెల టిఫిను కిందికి దిగింది. హలీమా మాట నిజమే. టిఫిను చేతికి రాగానే ఊరే మారిపోయింది. రిక్షావాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. నీడలో కూర్చున్న మొగవాళ్లు మాటలు ఆపి జాలిగా చూసేవాళ్లు. దవాఖాన ముందుదాకా రోగికి అన్నం తీసుకుపోయే పట్నం మనిషిని, దవాఖాన దాటాక అన్నం పెట్టి ఊరికి పోతున్న పానగల్ మనిషిని. మధ్యలో నేనెవరినో ఎవరికీ అక్కర్లేదు, నాకదే కావాలి. అడుగు తర్వాత అడుగు వేస్తుంటే పొద్దున విన్న తిట్లు ఒక్కొక్కటే రాలిపోయేవి. ఎప్పుడో మరిచిపోయిన ముచ్చట్లు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఒకనాడు గట్టిగా పాట కూడా పాడాను, గొర్రెలు తప్ప వినేవాళ్లు లేరు. ఆ కాసేపూ నేను ఎవరి భార్యనో, ఎవరి తల్లినో నిజంగానే యాదికి రాలేదు. సిగ్గనిపించలేదు కూడా.

దవాఖానకు ఇవతల తాజుద్దీన్ చాయ్ హోటలుంది. ఆయనకు మా ఆయన ఎరుకే, ఎప్పుడన్నా పని పడితే మండలాఫీసుకు పోతాడు. రోజూ నన్ను చూసి చూసి ఒకనాడు అడిగాడు. "సారు ఇంటి మనిషివి గదమ్మా? ఎవలున్నరు దవాఖానల?"

చుట్టాల్లో ఎవరో ఒక పేరు చెప్పొచ్చు. నా నోటికి మాత్రం "మా అత్తమ్మ" అని వచ్చింది. అదే ఎందుకొచ్చిందో నన్నడక్కండి, కోడలయినవాళ్లు ఎవరయినా చెప్తారు. "అయ్యో, పెద్దమ్మకా! ఏమైంది?" అన్నాడాయన. "కడుపుల నొప్పి" అన్నాను. అప్పట్నుంచి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ, "ఎట్లున్నదమ్మా పెద్దమ్మకు?" అని అడిగేవాడు. "గట్లనే ఉన్నది" అనేదాన్ని. ఒకరోజు మరీ దిగులుగా అడిగితే, "జర నయమే" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. నాకు లోపల కొంచెం గిల్లినట్టయింది.

మనిషి మంచివాడైతే ఎంత ప్రమాదమో నాకు తెలిసి రాలేదు. నకిరేకల్ దిక్కు నిమ్మకాయలు తోలుకుపోయే లారీలు ఆ హోటలు ముందే ఆగుతాయి. ఆ డ్రైవర్లలో ఒకతనిది మా భీమయ్య మామ ఊరు. భీమయ్య మామ అంటే మా అత్తమ్మకు తోడబుట్టిన తమ్ముడు. అతను చాయి తాగుతుంటే తాజుద్దీన్ చెప్పాడు, లారీ అతను మోసుకుపోయాడు. మిగతాది చెప్పాలా?

ఆదివారం పొద్దున. పిల్లలు టీవీ ముందున్నారు, మా ఆయన నడక నుంచి వచ్చి జావ తాగుతున్నాడు. అత్తమ్మ వసారాలో చేట పట్టుకుని కూర్చుంది. వాకిట్లో రిక్షా ఆగింది. భీమయ్య మామ, ఆయన భార్య సాలమ్మ వచ్చారు. సాలమ్మ దిగడం దిగడమే కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఓ నా వదినెనో, ఎంత పనైపాయెనో" అని రాగం ఎత్తుకుంది. అత్తమ్మ చేట అక్కడ పారేసి, "ఓరి దేవుడో, ఎవలు పోయిండ్రే" అని ఎదురురికింది. ఇద్దరూ కావలించుకుని వాకిట్లోనే ఏడుపు. అరుణమ్మ గోడెక్కినంత పని చేసింది. కాసేపటికి అత్తమ్మే ముక్కు చీది, "ఇంతకు ఎవలే, సాలవ్వా?" అంది. సాలమ్మ ఏడుపు మింగి, వదినెను పై నుంచి కిందిదాకా చూసి, "నువ్వే గద వదినె!" అంది.

అక్కడితో పోలేదు. పదిన్నరకు తాజుద్దీన్ భార్య ఇక్బాల్ బీ బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని వచ్చింది. దవాఖానలో వార్డు వార్డూ వెతికి, దొరక్క, ఇంటికి తోలించారేమో అనుకుని అడుగుతూ వచ్చిందట. అత్తమ్మ చేతులు పట్టుకుని, "ఇంటికి పంపిండ్రంటే అల్లా దయ పెద్దమ్మా. జర పత్యం చెయ్యి" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చాయి పెట్టే వంకతో వంటింట్లో దూరాను.

నవ్వుకుని మరిచిపోయే సంగతే అయి ఉండేది, అత్తమ్మ భయపడకపోతే. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. కొడుకును పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "నాకేమొచ్చిందిరా నర్సింహా? అందరికి ఎరుకైంది, నాకొక్కదానికే చెప్తలేరు. కడుపుల గడ్డనా? మొన్న కాళ్ల నొప్పులని నువ్వు నన్ను దవాఖానకు తీస్కపోయింది గందుకేనా? నిజం చెప్పు బిడ్డా, నేనేం ఏడ్వ." ఆమె గడ్డం వణుకుతోంది. తలుపు వెనక నిలబడి విన్నాను. ఆమె నన్ను అన్న మాటలు తక్కువేం కాదు, అయినా అట్లా వణికించే హక్కు నాకు లేదు. బయటికొచ్చి అందరి ముందూ చెప్పేశాను. నీకేం లేదత్తమ్మా, టిఫిను ఖాళీది, నేను నడవడానికి పోతున్నాను.

భీమయ్య మామ మెల్లగా, "నడుస్తానికా? యాడికి?" అన్నాడు. "యాడికి లేదు మామా. ఉత్తగనే." "ఆడిమనిషి ఉత్తగ ఎట్ల తిరుగుతది? ఎవలన్న ఉంటరు" అని ఆయన మా ఆయన వంక చూశాడు. మా ఆయన ముఖం నల్లబడింది. కోపం కంటే ముందు ఆయనకు ఆశ్చర్యమే వచ్చింది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"నువ్వెందుకు నడుసుడు? సుగరు నాకు గద?"

తర్వాత కోపమూ వచ్చింది. నలుగురిలో ఇజ్జత్ తీశానన్నాడు. ఆ సాయంత్రమే తాజుద్దీన్ హోటలుకు పోయి నేను ఎప్పుడు పోతానో, ఎప్పుడు వస్తానో, పక్కన ఎవరన్నా ఉంటారో అడిగి వచ్చాడు. ఒక్కదాన్నే పోయి ఒక్కదాన్నే వస్తానని తాజుద్దీన్ చెప్పినట్టున్నాడు, రాత్రికి కొంచెం మెత్తబడ్డాడు. "నడుసుడే కావాల్నంటే పొద్దుగాల నా ఎంబడి నడువ్. నేను కాదంటనా? పగటిపూట రోడ్ల మీద మల్ల కనవడ్డవనుకో, నౌకరీ బంద్, ఇంట్ల కూసో. హోటలాయనకు గూడ చెప్పొచ్చిన, కనవడితే నాకు చెప్పుమని."

అట్లా నేను కూడా వాకింగుకు పోవడం మొదలుపెట్టాను. ఇంకా ముందు లేవాలి, వంట సగం చేసి పోవాలి. ఆయన ముందు, ఆయన దోస్తులు పక్కన, నేను వెనక, నా చేతిలో ఆయన తువ్వాల, నీళ్ల సీసా. కాలేజీ గ్రౌండులో గుండ్రంగా, మళ్లీ గుండ్రంగా, గానుగెద్దులాగా. బదిలీల ముచ్చట్లు, పీఆర్సీ ముచ్చట్లు. "జర జల్ది నడువ్" అని ఆయన, కాస్త ముందుకు పోతే "గంత ఉరుకుడెందుకు" అని ఆయనే. దోస్తులు మా జంటను చూసి తెగ మెచ్చుకున్నారు. నెల తిరగకుండానే చెవుల్లో మోత మళ్లీ వచ్చింది. బోర్డు మీద ఒక తీగకు బదులు ఇంకో తీగ గుచ్చాను, ఎవరి ముచ్చటో ఎవరికో కలిసి ఇద్దరూ నన్నే తిట్టారు. హలీమా నా చెయ్యి పట్టుకుని, "ముఖం చూస్కున్నవా అద్దంల?" అంది. ఇంటికొచ్చి బిళ్లల సీసా వెతుక్కున్నాను. రాత్రి మంచం మీద నా కాళ్లు దుప్పటి కింద నడుస్తూనే ఉండేవి.

ఒక పొద్దున నేను చిన్న డబ్బాలో అన్నం పెట్టుకుంటుంటే అత్తమ్మ వంటింట్లోకి వచ్చింది. మూడు గిన్నెల టిఫిను ఆమె చేతిలో ఉంది. చింతపండు పెట్టి తోమినట్టుంది, మెరుస్తోంది. నా ముందు పెట్టి, "గిది తీస్కపో" అంది.

"ఎందుకత్తమ్మా?"

వెనక్కి తిరిగి కొడుకు స్నానాల గదిలోనే ఉన్నాడని చూసుకుని అంది. "నేను మల్ల మంచాన పడ్త తీ. ఈసారి మంచిగ పడ్త. ఎవలన్న వస్తె మూల్గుత గూడ."

ఆమె గట్టు మీద కూర్చుని, చెంగుతో ముఖం తుడుచుకుని, నన్ను చూడకుండా చెప్పింది. "నీ మామ ఉన్నప్పుడు ఊర్ల మాది పెద్ద ఇల్లు. పన్నెండు మందికి రొట్టెలు కొట్టాలె. తల పలిగిపోతున్నట్టు అయ్యేది. పిడకలకు పెండ ఏరుకొస్తనని తట్ట నెత్తిన పెట్టుకొని గుట్ట దాక పోతుంటి. గుట్ట ఎనుక ఏమున్నది, రాళ్లు. ఊకె నడుసుడే. వచ్చేటప్పుడు రెండు పెండకడులు తట్టల ఏసుకొని వస్తుంటి. గింత సేపు పోయి గింతేనా తెచ్చుడు అని మా అత్త తిట్టేది. తిడితె తిట్టనీ అనుకుంటుంటి. తట్ట ఉంటె ఎవలడగరు పిల్లా. నీది టిఫిను, నాది తట్ట."

ఇన్నేళ్లు ఒకే వంటింట్లో తిరిగాం, ఒకరి కాలు ఒకరం తొక్కుకున్నాం, ఈ ముచ్చట ఒక్కనాడూ రాలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. టిఫిను పట్టుకుని నిలబడ్డాను. తీసుకుపోవచ్చు. ఈసారి ఇంట్లోనే సాక్ష్యం ఉంది. అవతలి గదిలో మా పాప బడి సంచి సర్దుకుంటోంది, జడ వేయమని కేక వేసింది. సంచి అయిపోయాక దీని చేతిలో ఏం పెట్టాలి అని ఆలోచన వచ్చింది. టిఫినును తీసి మళ్లీ అటక మీద పెట్టాను.

"వద్దత్తమ్మా. నువ్వు మంచిగున్నవ్. మంచిగనే ఉండు."

"మరి వాడు నౌకరీ బంద్ అంటుండు గదనే?"

"నౌకరీ నాది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రెండింటికి దిగి అన్నం డబ్బా, పర్సు రెండూ హలీమా చేతికిచ్చాను. హలీమా చూసి నవ్వింది. గేటు దాటి కుడికి తిరిగాను. చేతులు రెండూ ఏం చేయాలో తెలియక మొదట కొంగు పట్టుకున్నాయి, తర్వాత ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. బజారు దాటేసరికి వాటిని వదిలేశాను. ఊగాయి, ఊగనిచ్చాను. నీడలో మొగవాళ్లు మాటలాపి చూశారు, ఈసారి జాలిగా కాదు. వెనక ఒక సైకిలు నెమ్మదించింది. నేను ఆగలేదు.

తాజుద్దీన్ హోటలు ముందు గ్లాసులు కడుగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నా చేతుల వంక చూశాడు, దవాఖాన వంక చూశాడు.

"పెద్దమ్మ మంచిగున్నదామ్మా?"

"మంచిగున్నది భయ్యా. బత్తాయిలు మస్తున్నయన్నది."

ఆయన నవ్వబోయి ఆగాడు. గ్లాసు తుడుస్తూ, తల దించుకుని, చాలా కష్టం మీద అన్నాడు. "సారు చెప్పిపోయిండమ్మా. నువ్వు గిటు దిక్కు కనవడితె చెప్పుమన్నడు. సాయంత్రం ఇటుకెల్లే వస్తడు. నాకు అబద్ధం రాదు. ఏం చెప్పమంటవ్?"

"అబద్ధమెందుకు భయ్యా" అన్నాను, రోడ్డెక్కుతూ. "కౌసల్య నడుస్తాందని చెప్పు."